అడ్వాన్స్ వెనక్కి వచ్చింది

టింగుమని మెసేజ్. పాత కారు కోసం ఇచ్చిన అడ్వాన్స్ డబ్బు తిరిగి పడింది. నమ్మకం కుదరక రెండుసార్లు చూసుకున్నాను, అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

11 రోజులు. "రేపు వేస్తానండీ" అని కారు అమ్మే ఆయన, "సరేనండీ" అని నేను. ఆ రేపు ఇవాళొచ్చింది.

కారు పైకి తళతళలాడుతోంది. మెకానిక్ మాత్రం ఇంజిన్ ఆయిల్ మూత తిప్పి చూపించాడు. దాని లోపలి వైపు తెల్లటి జిడ్డు. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, ఆయిల్‌లో కలుస్తున్నట్టుంది అన్నాడు. అంతే, వద్దనుకున్నాను.

నన్ను కాపాడింది రసీదు మీద ఒక్క లైను: "మెకానిక్ చూశాక వద్దనుకుంటే అడ్వాన్స్ వాపసు." అది రాయమని అడగడానికి ఎంత మొహమాటపడ్డానో! ఆయన నవ్వుతూనే రాశారు. సంతకం పెట్టేటప్పుడు మాత్రం నవ్వలేదు.

చెప్పొద్దూ, ఆ కారు ఎర్ర రంగు ఇంకా కళ్లముందే తిరుగుతోంది.