సాగర్ లెవెల్ స్క్రిప్ట్: ఈసారి కోడ్ సాపు చేసే పని

నల్గొండలో నేను, పాలమూరులో తమ్ముడు కలిసి రాసుకుంటున్న కృష్ణా రిజర్వాయర్ల స్క్రిప్ట్‌లో ఈసారి కొత్త ఫీచర్ ఏమీ లేదు. పైథాన్ కోడ్‌లో తప్పులు, స్టైల్ చూసి సరిచేసే రఫ్ అనే టూల్‌తో స్టైల్ సరిచేయడమే సరిపోయింది. నావి డబుల్ కోట్స్, వాడివి సింగిల్. వాడి లైన్లయితే స్క్రీన్ దాటి పోతాయి.

ఉన్న మార్పులన్నీ గిట్‌లో కమిట్ చేసి (అంటే భద్రపరిచి), వేరే బ్రాంచ్ తీసి, ముందు 'రఫ్ చెక్ --డిఫ్' కొట్టాను. ఇది ఫైల్‌ను ముట్టదు, ఏం మారుస్తుందో చూపిస్తుందంతే. వాడని ఇంపోర్ట్‌ల జాబితాలో మా తెలుగు ఫాంట్ మాడ్యూల్ కూడా కనిపించింది. దాన్ని కోడ్‌లో ఎక్కడా పిలవం, ఇంపోర్ట్ అయితే చాలు, ఫాంట్ రిజిస్టర్ అవుతుంది. అది తీసేస్తే గ్రాఫ్‌లో జూరాల, శ్రీశైలం పేర్ల బదులు డబ్బాలు వస్తాయి. ఆ లైన్ చివర 'నోక్యూఏ: ఎఫ్401' (వాడని ఇంపోర్ట్ అని దీన్ని పట్టుకోకు అని) కామెంట్ పెట్టి, అప్పుడు నిజంగా మార్చేసే '--ఫిక్స్' ఇచ్చాను.

డేటాబేస్ క్వెరీలో విలువ ఖాళీగా ఉందా అని చూసే '== నన్'ను మాత్రం అది తనంతట తాను మార్చలేదు. మేం డేటాబేస్‌కి వాడే ఎస్క్యూఎల్ఆల్కెమీ లైబ్రరీలో అలా రాయడమే కరెక్ట్, 'ఈజ్ నన్' చేస్తే క్వెరీ పాడవుతుంది. అందుకే ఇలాంటి రిస్కున్న మార్పులు కూడా చేసేసే '--అన్‌సేఫ్-ఫిక్సెస్' జోలికి పోలేదు.

తర్వాత కోట్స్, స్పేస్‌లు, లైన్లు ఒకే తీరుకి తెచ్చే 'రఫ్ ఫార్మాట్'. లైన్ పొడవు డిఫాల్ట్ 88 అక్షరాలు, అలాగే ఉంచాను. ఒక్కచోటే మనసొప్పలేదు. పూర్తిస్థాయి నీటిమట్టాల పట్టిక ఇది: జూరాల 1045, శ్రీశైలం 885, సాగర్ 590, పులిచింతల 175 అడుగులు. అంకెలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా స్పేస్‌లు కొట్టి పేర్చుకున్నాం. ఫార్మాటర్ ఆ స్పేస్‌లన్నీ మింగేస్తుంది. పైన 'ఎఫ్ఎమ్‌టీ: ఆఫ్', కింద 'ఎఫ్ఎమ్‌టీ: ఆన్' కామెంట్లు పెడితే దాన్ని వదిలేసింది.

స్టైల్ మార్పులన్నీ ఒకే కమిట్‌లో వేసి పుష్ చేశాను. సాయంత్రానికి తమ్ముడి ఫోన్: "అన్నా, నేను రాసిన లైన్ల మీద నీ పేరెట్లొచ్చింది?" ఏ లైన్‌ను చివరిసారి ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ చూశాడన్నమాట. ఆ కమిట్ పూర్తి హ్యాష్‌ను (దాని గుర్తింపు కోడ్‌ను) '.గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్' ఫైల్‌లో రాసి, కాన్ఫిగ్‌లో 'బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్'కి ఆ పేరు ఇస్తే వాడి పేరు వాడికి వచ్చేసింది. గిట్ 2.23 నుంచి ఈ సౌకర్యం ఉంది. కాన్ఫిగ్ మాత్రం ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లే పెట్టుకోవాలి.

ప్రతి కమిట్‌కి ముందు రఫ్‌ను దానంతట అదే నడిపే ప్రీ-కమిట్ హుక్ ఇంకా పెట్టలేదు. కోట్స్ సింగిలే ఉండాలని తమ్ముడు పట్టుబట్టాడు, 'కోట్-స్టైల్' మార్చి ఇంకోసారి ఫార్మాట్ చేయాలి. ఆ హ్యాష్ కూడా అదే ఫైల్‌లోకి పోతుంది.