స్టెన్సిల్ నమూనాల కోసం కృష్ణ ఒడ్డున రెండు రోజులు

స్టెన్సిల్ అంటే నమూనా కోసిన షీటు. దాన్ని చెక్క మీద పెట్టి రంగు అద్దితే కోసినచోట నమూనా పడుతుంది. బజారులో దొరికే రెడీమేడ్ స్టెన్సిళ్లలో గులాబీ తీగలు, సీతాకోకచిలుకలే ఎక్కువ. టేకు పీట మీదో, పాత ఇనప పెట్టె మీదో వేస్తే అవి ఎక్కడినుంచో వచ్చి కూర్చున్నట్టుంటాయి. మన రాతిలో, నేతలో, వాకిట్లో అంతకంటే మంచి నమూనాలున్నాయి. కాకపోతే అందంగా ఉన్న ప్రతిదీ స్టెన్సిల్‌కి పనికిరాదు. ఏది పనికొస్తుందో, ఏది రాదో చూసుకుంటూ డిసెంబరులో రెండు రోజులు అమరావతి, గుంటూరు, మంగళగిరి, విజయవాడ, కొండపల్లి తిరిగాను.

గుంటూరు నుంచి అమరావతి 35 కిలోమీటర్ల లోపే. పొద్దున్నే బస్సెక్కితే ఎండ ముదరకముందే స్తూపం దగ్గర ఉంటాం. పేరున్న శిల్పాలు చాలావరకు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అయినా ఇక్కడి మ్యూజియంలో మిగిలినవి మన పనికి చాలు. చూడాల్సింది ప్రాకారపు స్తంభాల మీద, అడ్డపట్టీల మీద చెక్కిన పద్మాలు. మధ్యలో దుద్దు, దాని చుట్టూ ఒక వరుస రేకులు, వాటి వెనక ఇంకో వరుస, అన్నిటికీ బయట సన్నటి లతల అంచు.

వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడి ఒక్క రేకునే చూడండి. రేకుకీ రేకుకీ మధ్య సన్నటి గాడి నల్లగా కనిపిస్తుంది. శిల్పి అక్కడ రాతిని లోపలికి తవ్వాడు, మనం స్టెన్సిల్‌లో సరిగ్గా అక్కడే షీటును కోయకుండా వదలాలి. రేకు కోసేస్తే రంగు పడుతుంది, గాడి ఉన్నచోట షీటు మిగిలి పట్టీలా నిలబడుతుంది. ఈ పట్టీలే స్టెన్సిల్‌కి ప్రాణం. తెలియాలంటే ఒక షీటు మీద 'ఠ' అని రాసి గీత వెంట కోయండి. లోపలి గుండ్రం మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. దాన్ని పట్టి ఉంచడానికి రెండు చోట్లయినా పట్టీ వదలాలి. అమరావతి పద్మంలో ఆ పట్టీలు నమూనాలోనే ఉన్నాయి. మనం కొత్తగా అతికించాల్సింది ఏమీ లేదు. అందుకే మొదటిసారి స్టెన్సిల్ కోసేవాళ్లకి దీన్ని మించిన నమూనా లేదంటాను.

అడుగు వ్యాసం ఉన్న గుండ్రటి స్టూలుకి పద్మం 22 సెంటీమీటర్లు ఉంటే చాలు, అంచున చుట్టూ నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. బయటి వరుసకి 16 రేకులు. కాగితాన్ని గుండ్రంగా కోసి నాలుగుసార్లు సగానికి మడిస్తే 16 భాగాలు వస్తాయి. ఆ మడతల మీదే కత్తెర వేయకండి. కాగితం మందమై లోపలి రేకు చిన్నదిగా, పైరేకు పెద్దదిగా వస్తుంది. మడత విప్పి, అట్టముక్కతో ఒకే ఒక్క రేకు చేసుకుని, దాన్నే పదహారుసార్లు గీసుకోవాలి. లోపలి వరుసకి మాత్రం 8 చాలు. అయిదు సెంటీమీటర్ల వ్యాసార్ధం దగ్గర చుట్టుకొలత 31 సెంటీమీటర్లే కాబట్టి 16 పెడితే ఒక్కో రేకు రెండు సెంటీమీటర్లు కూడా రాదు, పట్టీలు పోగా మిగిలేది ఇంకా సన్నం. పట్టీ వెడల్పు 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. తగ్గితే రెండోసారి కడిగేటప్పుడు తెగుతుంది.

మధ్యాహ్నం గుంటూరు పట్నం బజార్లో షీట్లు చూశాను. ప్రొజెక్టర్‌కి వాడే పారదర్శక ఓహెచ్‌పీ షీట్లు చవక, కానీ పల్చన. నాలుగైదుసార్లు కడిగేసరికి అంచులు ముడతలు పడతాయి, ఆ ముడతల కిందికే రంగు దూరుతుంది. పాలిస్టర్ షీటు 125 నుంచి 190 మైక్రాన్ల మందం అడగండి. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ములుంటే అవీ అద్భుతంగా పనిచేస్తాయి. బ్లీచ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి రుద్దితే నల్లపొర పోయి అద్దంలా తేలుతుంది, కింద గీసిన బొమ్మ కనబడుతుంది. చేతులకి గ్లౌజులు వేసుకోండి. కోసేటప్పుడు షీటు కింద అద్దం పెడితే కోత నున్నగా వస్తుంది కానీ బ్లేడు మొన త్వరగా అరుగుతుంది. ముందు చిన్న ముక్కలు కోసి తర్వాత పెద్దవి కోయాలి. పెద్దవి ముందు కోస్తే షీటు బలం పోయి చిన్నవి కోసేటప్పుడు కదులుతుంది. వంపు దగ్గర కత్తిని తిప్పకండి, షీటునే తిప్పండి.

గుంటూరు నుంచి విజయవాడ వచ్చే దారిలోనే మంగళగిరి. ఆటో దిగగానే 11 అంతస్తుల గాలిగోపురం కనబడుతుంది. చీరల దుకాణంలో నేను చూసింది అంచులే. నిజాం బోర్డర్‌లో అంచు పొడవునా చిన్న చిన్న త్రికోణాలు, గుడి శిఖరాల వరసలా నడుస్తాయి. త్రికోణంలో ఊడిపడే లోపలి ముక్క ఉండదు కాబట్టి కోయడం సులువు. చీర నడుమంతా సాదాగా వదిలి అంచు మీదే పని చూపించే పద్ధతి బల్లకి కూడా అలాగే వర్తిస్తుంది. నడుమ నిండా నమూనా వేసిన బల్ల మీద పళ్లెం పెట్టాక ఏదీ కనబడదు.

అంచు వేసేటప్పుడు అందరూ తప్పే చోటు మూల. ఒక చివర మొదలుపెట్టి వేసుకుంటూ పోతే అవతలి మూల దగ్గర నమూనా సగంలో తెగుతుంది. లెక్క ముందే వేసుకోవాలి. బల్ల పొడవు 120 సెంటీమీటర్లు, మూలకొకటి 8 సెంటీమీటర్ల పువ్వు అనుకుందాం. మిగిలింది 104. నమూనా ఒకసారికి 14 సెంటీమీటర్లయితే ఏడుసార్లకి 98, ఇంకా 6 మిగులుతుంది. మూల పువ్వులతో కలిపి మధ్యలో సందులు ఎనిమిది. ఒక్కో సందుకి ఏడున్నర మిల్లీమీటర్లు పంచితే కంటికి తేడా తెలియదు. వడ్రంగులు నూలు కొట్టినట్టే సుద్ద పూసిన దారంతో మధ్యగీత కొట్టుకుని, మధ్యనుంచి రెండు వైపులకీ వెళ్లాలి.

రెండో రోజు పొద్దున విజయవాడ వన్ టౌన్. ధనుర్మాసం కాబట్టి రోడ్డు పక్కన ముగ్గు జల్లెడలు కుప్పలుగా పోసి అమ్ముతున్నారు. పిండి చల్లితే క్షణంలో ముగ్గు పడుతుంది, అదే రంగుకీ వాడొచ్చని చాలామంది కొంటారు. అది కుదరదు. ఆ సన్నటి చిల్లులు పొడికోసం చేసినవి. తడి రంగు చిల్లుల్లో నిలిచిపోతుంది, నొక్కితే కిందికి దిగి చుక్కలన్నీ కలిసి మచ్చవుతుంది. నమూనా చూసి గీసుకోవడానికి కొనండి, అంతవరకే.

చేతితో కోసే షీటుకి అస్సలు లొంగనిది మెలికల ముగ్గు. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి గీత మళ్లీ మొదటికి కలుస్తుంది, మధ్యలో ఉన్న ప్రతి గడీ విడి ముక్కే. పట్టీలు పెడితే గీత తెగి ముగ్గు అందమే పోతుంది. దానికి దారి ఆటోనగర్‌లో ఉంది. లారీలకి, ఆటోలకి పేర్లూ నంబర్లూ కోసే రేడియం షాపులో మెషిన్ మీద స్టిక్కర్ కోయించుకోవచ్చు. స్టిక్కర్ మీద ట్రాన్స్‌ఫర్ టేప్ వేసి ఎత్తితే విడి ముక్కలు కూడా ఎక్కడివక్కడే ఉండి ఒకేసారి చెక్కకి అంటుకుంటాయి. పట్టీలే అక్కర్లేదు.

షాపులో ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. వాళ్ల అలవాటు ప్రకారం చుట్టూ ఉన్న స్టిక్కర్ పీకేసి అక్షరం ఉంచుతారు. మనకి కావలసింది దానికి తలకిందులు. “గీత పీకేయండన్నా, చుట్టూ ఉన్నదీ లోపలి గడులూ ఉంచండి, రంగు వేసుకోవాలి” అంటే వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. గీత వెడల్పు 4 మిల్లీమీటర్లయినా ఉండాలి. రెండుకి తగ్గితే పీకేటప్పుడు పక్కనున్న ముక్క కూడా లేచొస్తుంది. స్టిక్కర్ ఒక్కసారికే పనికొస్తుంది కాబట్టి కుర్చీలు నాలుగుంటే నాలుగూ ఒకేసారి కోయించుకోండి. ఇంటికి తెచ్చేటప్పుడు చుట్ట చుట్టకండి, రెండు అట్టల మధ్య పెట్టి తీసుకెళ్లండి. చుడితే అంచులు లేచి, లేచినచోట రంగు దూరుతుంది.

మధ్యాహ్నం కొండపల్లి. ఊరు విజయవాడకి దగ్గరే. బొమ్మల పనివాళ్లు తెల్లపొణికి చెక్కని చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికించి, సున్నం పూసి ఆరాకే రంగు ముట్టుకుంటారు. ఒక బొమ్మని చేతిలోకి తీసుకుని వేలితో తడిమితే చెక్క గీతలు ఎక్కడా తగలవు. ఫర్నిచర్ మీద స్టెన్సిల్ పాడయ్యేది కూడా ఎక్కువగా ఈ అడుగు పనిలోనే. గరుకు మీద షీటు పూర్తిగా ఆనదు, ఆనని చోట రంగు పాకుతుంది.

పాత చెక్క అయితే ముందు సబ్బు నీళ్లతో, తర్వాత టర్పెంటాయిల్‌తో తుడిచి నూనె, మైనం వదిలించాలి. 120 నంబరు సాండ్ పేపర్‌తో రుద్ది, గుంటలకి లప్పం పెట్టి, ఆరాక 220తో నున్నగా చేసి, వుడ్ ప్రైమర్ రెండు కోట్లు. రెండు కోట్ల మధ్య 320తో తేలిగ్గా రుద్దాలి. నాలుగడుగుల బల్లకి పావు లీటరు ప్రైమర్ సరిపోతుంది. సన్మైకా అయితే మెరుపు చచ్చేదాకా 180తో రుద్ది, నున్నటి వాటి మీద పట్టుకునే ప్రైమర్ వేయాలి. నేరుగా ఎనామిల్ రంగు వేస్తే ఆరాక గోటితో గీరినా పొరలా లేచొస్తుంది. ఇనప బీరువాకి తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ తప్పనిసరి. అడుగు రంగు వేసిన రోజే స్టెన్సిల్ పెట్టకండి. ఎనామిల్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది, టేపు తీసేటప్పుడు దానితోపాటే వస్తుంది. రెండు రోజులు ఆగండి, వానాకాలమైతే మూడు. మాస్కింగ్ టేపుని ముందు ఒకసారి చొక్కాకి అంటించి తీసి వాడితే జిగురు తగ్గి అడుగు రంగు బతుకుతుంది.

ఇక రంగు. దీనికి చదునుగా కోసిన గుండ్రటి బ్రష్ కావాలి. దొరక్కపోతే గట్టి వెంట్రుకల బ్రష్‌కి మాస్కింగ్ టేపు బిగించి సెంటీమీటరు మాత్రమే బయట ఉంచండి. రంగులో నీళ్లు కలపొద్దు. బ్రష్ కొన ముంచి, పాత పేపరు మీద గుండ్రంగా తిప్పి తడి దాదాపు పోయేదాకా తుడిచి, అప్పుడు నిలువుగా అద్దాలి. పక్కకి లాగితే వెంట్రుకలు షీటు అంచు కిందికి రంగుని తోస్తాయి. మొదటి కోటు పలచగా, మచ్చమచ్చగా కనిపించాలి. రెండోదానికి నిండుతుంది. మొత్తం బల్లకి 50 మిల్లీలీటర్ల రంగు ఖర్చయితే ఎక్కువ.

స్టిక్కర్‌తో గీత కత్తిలా రావాలంటే ముందు అడుగు రంగునే స్టిక్కర్ మీదుగా ఒక కోటు వేయండి. సందుల్లోకి పాకేదేదో ఆ రంగే పాకి సందులు మూస్తుంది, తర్వాత వేసే రంగుకి దారి ఉండదు. చివరి కోటు పూర్తిగా ఆరకముందే స్టిక్కర్‌ని వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా లాగాలి. గట్టిగా ఆరాక లాగితే గీత అంచులు పళ్లు పళ్లుగా విరుగుతాయి. షీటు వాడితే నాలుగైదు అచ్చులకోసారి కడిగి తుడవండి. ఎండాకాలంలో విజయవాడ వేడికి యాక్రిలిక్ రంగు షీటు అంచునే గడ్డకట్టి రేకులు సన్నబడతాయి, పని పొద్దున తొమ్మిదిలోపే ముగించుకోవాలి.

పైన వేసే వార్నిష్ నీటితో చేసిన పీయూ (పాలియురేథేన్) అయితే తెలుపు తెల్లగానే ఉంటుంది. నూనె వార్నిష్ కొన్నాళ్లకి పసుపెక్కుతుంది, టేకు మీద ఫర్వాలేదు కానీ తెల్ల బల్ల మీద కనబడిపోతుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ మాత్రం ఎనామిల్ మీద వేయకండి, అందులోని థిన్నర్‌కి కింది రంగు ముడుచుకుపోయి లేస్తుంది. పలచగా మూడు కోట్లు, కోటుకి కోటుకి మధ్య డబ్బా మీద రాసినంత వ్యవధి. మొదటి కోటు అటూ ఇటూ రుద్దకుండా ఒక్క దిశలో ఒకేసారి లాగి వదిలేయాలి. ఆ తర్వాత వారం రోజులు బల్ల మీద వేడి గిన్నె పెట్టకండి, పేపరు కూడా పరవకండి. పూర్తిగా గట్టిపడని వార్నిష్‌కి న్యూస్ పేపర్ అంటుకుంటే అక్షరాలు బల్ల మీదికి దిగుతాయి.