టెంపుల్ సందుల్లో ఒక గుమాస్తా కొడుకు

లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్, బస్సుల రొద. ఒక పాత చెక్క తలుపు దాటి మిడిల్ టెంపుల్ లేన్‌లోకి అడుగుపెట్టగానే ఆ చప్పుడంతా వెనకే ఉండిపోయింది. రాళ్లు పరిచిన సన్నటి సందు, రెండు పక్కలా ఇటుక భవనాలు, ఇప్పటికీ గ్యాస్‌తో వెలిగే వీధి దీపాలు. ఒక మెట్లదారి ముందు నా కాళ్లు వాటంతటవే ఆగాయి. గుమ్మం పక్కన పలక మీద ఒకదాని కింద ఒకటి వకీళ్ల పేర్లు, చేత్తో రాసిన నల్లటి అక్షరాలు. పైన సీనియర్లు, కింద జూనియర్లు.

"మన ఊళ్లో ప్లీడర్ల ఇళ్ల ముందు బోర్డుల్లా ఉంది కదా నాన్నా" అన్నాడు మా అబ్బాయి.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన రాజమండ్రిలో ప్లీడరు గుమాస్తా. ముప్పై నాలుగేళ్లు ఒకే ప్లీడరు గారి దగ్గర పని చేశారు. అదే కోర్టులో నేను ఇరవై ఏడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఎవరి బోర్డు మీదా నాన్న పేరు ఎప్పుడూ లేదు. ఆ ప్లీడరు గారి బోర్డును ప్రతి దసరాకీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టింది మాత్రం ఆయనే.

మా ఊరి వకీళ్లకి లండన్ అనగానే ప్రకాశం పంతులు గారే గుర్తొస్తారు. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరు తెచ్చుకున్నా, ఆ పట్టాతో హైకోర్టులో వాదించే వీలు లేదు. అందుకే 1904లో ఓడెక్కి వచ్చి, బారిస్టరై 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. బారిస్టరు అంటే ఇక్కడ కోర్టులో వాదించే వకీలు. బారిస్టరు కావాలంటే ఇన్ అనే పాత వకీళ్ల సంఘాలు నాలుగింటిలో, అంటే ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్‌లలో ఏదో ఒకదానిలో చేరాల్సిందే. అంబేద్కర్‌ది గ్రేస్ ఇన్. గాంధీజీది ఇన్నర్ టెంపుల్. 1891 జూన్ 10న ఆయన్ను బార్‌లోకి తీసుకున్నారు. రాజద్రోహం కేసులో శిక్ష పడ్డాక 1922లో పేరు కొట్టేశారు. మళ్లీ చేర్చింది 1988లో, ఆయన పోయిన నలభై ఏళ్లకి. ఆ ఇన్ తోట ముందు నిలబడి ఆ రెండు సంవత్సరాలూ తలచుకుంటే గుండె బరువెక్కింది.

1185 నాటి గుండ్రటి టెంపుల్ చర్చినీ, పెద్ద భోజనశాలనీ పైపైన చూశాను. నా మనసంతా చాంబర్స్ మీదే, అంటే బారిస్టర్ల ఆఫీసుల మీదే ఉంది.

మా అబ్బాయి స్నేహితుడి భార్య ఇక్కడ బారిస్టరు. వాళ్ల పెద్దవాళ్లది విజయవాడ, ఆమె పుట్టి పెరిగింది లండన్‌లోనే. "రండి అంకుల్, మా ఆఫీసు చూపిస్తాను" అని మెట్లెక్కించింది. నేను అనుకున్నది వేరు. చాంబర్స్ అంటే మన సీనియర్ గారి ఆఫీసులా ఒకరు యజమాని, మిగతావాళ్లు జూనియర్లు అనుకున్నాను. కాదట. ఇక్కడ ఎవరి ప్రాక్టీసు వాళ్లదే, ఎవరి ఫీజు వాళ్లదే. అద్దె, సిబ్బంది జీతాలు, లైబ్రరీ ఖర్చు మాత్రం అందరూ కలిసి పెట్టుకుంటారు. అందుకే ఒకే చాంబర్స్‌లో పక్కపక్క గదుల్లో కూర్చునే ఇద్దరు ఒకే కేసులో ఎదురెదురుగా వాదించవచ్చు. "పొద్దున కోర్టులో పోట్లాడుకుని సాయంత్రం ఒకే కెటిల్‌లో టీ పెట్టుకుంటాం" అందామె.

కొత్తగా వచ్చినవాళ్లు ఏడాది పాటు ప్యూపిల్‌గా ఒక అనుభవజ్ఞుడి వెంట తిరగాలి. ఆ తర్వాత చాంబర్స్ ఒప్పుకుంటేనే బోర్డు మీద పేరు ఎక్కుతుంది. కేసు వచ్చాక, తన రంగంలోనిదై, తీరిక ఉండి, సరైన ఫీజు ఇస్తుంటే, మనిషి నచ్చలేదని కాదనకూడదు. దీన్ని క్యాబ్ ర్యాంక్ రూల్ అంటారు. స్టాండులో ముందున్న టాక్సీ మొదట వచ్చినవాళ్లని ఎక్కించుకోవాలి కదా, అలాగన్నమాట.

అసలు చాంబర్స్ నడిచేది క్లర్కుల గదిలో. కక్షిదారులతో నేరుగా వ్యవహరించి, కేసుని బారిస్టరుకి అప్పగించే వకీళ్లు సొలిసిటర్లు. వాళ్ల ఫోన్లు మొదట క్లర్కులకే వస్తాయి. ఏ కేసు ఎవరికి సరిపోతుంది, ఫీజు ఎంత, రేపు ఎవరు ఏ కోర్టులో ఉండాలి, అన్నీ వాళ్లే చూస్తారు. ఒకప్పుడు బారిస్టరు సంపాదనలో వాళ్లకి శాతం ఉండేదట, ఇప్పుడు చాలాచోట్ల జీతాలు. సీనియర్ క్లర్కు బల్ల మీద గులాబీ రంగు టేపుతో కట్టిన కాగితాల కట్ట ఒకటి ఉంది. మన కట్టలకి ఎర్ర టేపు, అంతే తేడా. "మా నాన్న ప్లీడరు గుమాస్తా" అని ఆయనతో చెప్పాను. ఆయన లేచి నిలబడి నాతో మళ్లీ చేయి కలిపారు. ఎన్నో సన్మానాలు చూశాను కానీ, మా నాన్న వృత్తికి జరిగిన మర్యాద అదొక్కటే చూశాను.

డబ్బు లేనివాళ్ల సంగతేమిటని అడిగాను. ఆయన గోడ మీది చార్టు చూపించారు. ఫీజు కేసుల మధ్యలోనే ఉచిత కేసులూ రాసి ఉన్నాయి, రంగులో కూడా తేడా లేదు. 1996లో బార్ ప్రో బోనో యూనిట్‌గా మొదలై ఇప్పుడు అడ్వొకేట్ అనే పేరుతో నడుస్తున్న సంస్థ వకీలుని పెట్టుకోలేనివాళ్ల కేసులు పరిశీలించి బారిస్టర్లకు పంపుతుంది. వృత్తిలోకి ఇంకా అడుగుపెడుతున్నవాళ్లు ఉచితంగా వాదించడానికి ఫ్రీ రిప్రజెంటేషన్ యూనిట్ ఉంది, 1972 నుంచి. లా విద్యార్థులూ ప్యూపిల్సూ అక్కడ శిక్షణ పొంది, ఉద్యోగం పోయినవాళ్ల తరఫున, ప్రభుత్వ భత్యం ఆగిపోయినవాళ్ల తరఫున ట్రిబ్యునల్‌లో వాదిస్తారు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. 2007 లీగల్ సర్వీసెస్ చట్టం 194వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా వాదించిన పక్షం గెలిస్తే ఓడినవాళ్లని ఖర్చులు కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. వకీలు ఫీజు తీసుకోలేదు కాబట్టి ఆ డబ్బు యాక్సెస్ టు జస్టిస్ ఫౌండేషన్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి మళ్లీ ఉచిత న్యాయ సలహా ఇచ్చే కేంద్రాలకి. మన దగ్గరా ఇలాంటి సెక్షన్ ఒకటి ఉండాలని నాకు గట్టిగా అనిపించింది.

"కానీ అంకుల్, ఇది లీగల్ ఎయిడ్‌కి, అంటే ప్రభుత్వ ఖర్చుతో వచ్చే న్యాయ సాయానికి, బదులు కాదు" అందామె. 2013లో ప్రభుత్వం కోత పెట్టాక కుటుంబ తగాదాలు, అప్పులు లాంటి ఎన్నో కేసులకి సాయం ఆగిపోయిందట. ఆమె మాట నిజం. దయ మీద ఆధారపడిన న్యాయం ఎప్పుడైనా ఆగిపోవచ్చు. మనకి 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ఉంది. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కుగా వస్తాడు. హక్కు కాగితం మీద ఉంది. ఉచిత సాయం కోసం వకీళ్ల ప్యానెల్‌కి అప్పగించే కేసుని మనం ఎలా చూస్తామన్నదే ప్రశ్న. ప్రాక్టీసు కొత్తల్లో ఒక ముసలమ్మ మనోవర్తి కేసు ప్యానెల్ నుంచి నాకొచ్చింది. ఫీజు కేసుల హడావుడిలో దాన్ని చదవకుండానే కోర్టుకెళ్లి వాయిదా అడిగాను. ఆమె రెండు బస్సులు మారి వచ్చింది. ఆ చార్టు చూస్తున్నంతసేపూ ఆమె ముఖమే కళ్ల ముందుంది.

మూడు రోజుల తర్వాత లండన్ లీగల్ వాక్. పది కిలోమీటర్ల నడక. ఉచిత న్యాయ సలహా కేంద్రాల కోసం విరాళాలు పోగుచేస్తూ వేలమంది నడుస్తారు. జడ్జీలు, సొలిసిటర్లు, బారిస్టర్లు, క్లర్కులు, అందరూ టీషర్టుల్లోనే. ఎవరు ఎవరో తెలియలేదు. చాంబర్స్ వాళ్లు నాకూ ఒక టీషర్టు ఇచ్చారు. దారిలో మాటల్లో తెలిసింది, ఈ దేశంలో మొదటి లా సెంటర్ 1970లో నార్త్ కెన్సింగ్టన్‌లో ఒక పాత మాంసం కొట్టులో తెరిచారట. అలాంటి కేంద్రాల కరెంటు బిల్లులకీ జీతాలకీ ఈ నడక డబ్బు వెళ్తుంది.

ఆరో కిలోమీటరు దాటాక నా మోకాలు నొప్పెట్టింది. సీనియర్ క్లర్కు నాతోపాటే నెమ్మదించారు. అప్పటికే ఆయన ఫోన్ నాలుగుసార్లు మోగింది. మర్నాటి కోర్టు లిస్టు వచ్చింది. ఇల్లు ఖాళీ చేయించే కేసు, అద్దెకుండే ఆమెకి వకీలు లేరు, ఉదయం పదింటికి విచారణ. ఆయన నడుస్తూనే ఒకరికి ఫోన్ చేశారు, కుదరలేదు. ఇంకొకరికి చేశారు. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఒక జూనియర్ సరేనంది. ఆయన ఆగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేరూ, కోర్టూ, టైమూ రాసుకున్నారు.

మా నాన్న చొక్కా జేబులోనూ అలాంటి పుస్తకమే ఉండేది. సాయంత్రం కోర్టు అయ్యాక సైకిలెక్కి, ఫోన్లు లేని పార్టీల ఇళ్లకి వెళ్లి "రేపు వాయిదా, పదింటికల్లా రండి" అని చెప్పి వచ్చేవారు. కొవ్వూరు వైపు వాళ్లుంటే గోదావరి వంతెన దాటి వెళ్లేవారు. ఇంటికి వచ్చేసరికి తొమ్మిదయ్యేది. అమ్మ అన్నం వడ్డిస్తుంటే ఆయన ఆ పుస్తకంలో చెప్పి వచ్చినవాళ్ల పేర్ల పక్కన ఒక్కొక్క టిక్కు పెట్టుకునేవారు.