చచ్చిపోయిన మొదటి ఇంజను, 7 లీటర్లు తాగిన రెండోది

రిమోట్ తో తోలే నా బొమ్మ కారు మొదటి నైట్రో ఇంజను చచ్చిపోయింది ఒక డిసెంబర్ పొద్దున ఆరున్నరకి, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం అవతల మా ఫ్రెండ్ వాళ్ళ చేనులో. బుడ్డలు పీకినాక ఆ చేను మళ్ళీ విత్తనం పడేదాకా ఖాళీగా ఉంటాది, వాళ్ళ నాయన మంచోడు, ఆడుకోండప్పా అని వదిలేసినాడు, మేమే చదును చేసుకొని అంచుకి పాత టైర్లు పెట్టుకొని ట్రాక్ మాదిరి చేసుకున్నాం. ఆ పొద్దు చలి గట్టిగా ఉండె. నేను మే నెల మధ్యాహ్నం ఎండలో సెట్ చేసిన నీడిల్స్ ని, అంటే ఇంజనుకి ఫ్యూయల్ ఎంత పోవాలో సరిచేసే స్క్రూలని, ముట్టుకోకుండా అట్లే స్టార్ట్ చేసి, రెండు రౌండ్లు మెల్లగా తిప్పి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా. సౌండ్ ఎప్పుడూ రానంత షార్ప్ గా వచ్చింది, సంతోషపడినా, సైలెన్సర్ వెనక పొగ లేదనేది చూడలేదు. నాలుగో రౌండులో స్ట్రెయిట్ చివర కీచుమని ఆగిపోయింది. చల్లారితే స్టార్ట్ అయితాది, వేడెక్కగానే ఆగిపోతాది, మళ్ళీ చల్లారితే మళ్ళీ అదే కథ, ఇట్ల గంటసేపు దాని వెంట పడి చివరికి సంచిలో వేసుకొని పాతూరులో మా మామ షెడ్డుకి పోయినా.

మామ టూ వీలర్ మెకానిక్, పాత టూ స్ట్రోక్ బండ్లు ఎన్ని విప్పినాడో లెక్క లేదు. అంత చిన్న ఇంజను, 3.5 సీసీ, అరచేతిలో పట్టేది, దాన్ని విప్పడం ఆయనకి మొదటిసారి. పిస్టన్ బయటికి తీసి తిప్పి తిప్పి చూసి "రేయ్ అల్లుడా, రింగులు ఏమైనాయి రా, యాడన్నా పడేసినావా" అన్నాడు. రింగులు ఉండవు మామా అంటే నమ్మలేదు. ఈ ఇంజన్లలో పిస్టన్ అల్యూమినియం, అది ఆడే గొట్టం, అంటే స్లీవ్, ఇత్తడి, లోపల క్రోమ్ పూత. స్లీవ్ పైకి పోయేకొద్దీ కొంచెం సన్నబడుతూ ఉంటాది, అందుకే చల్లగా ఉన్నప్పుడు ఫ్లైవీల్ తిప్పితే పిస్టన్ పైన బిగుసుకుంటాది, దాన్నే పించ్ అంటారు. వేడెక్కితే ఇత్తడి ఎక్కువ వ్యాకోచిస్తాది, ఆ బిగువు పోయి సరిగ్గా కూర్చుంటాది, కంప్రెషన్ అంతా ఆ ఫిట్టింగ్ మీదే. నా దాంట్లో ఆ పించ్ పోయింది. చల్లగా ఉంటేనే ఏదో కొంచెం పట్టు ఉండె, వేడెక్కితే స్లీవ్ ఇంకా వెడల్పు అయ్యి గాలి అంతా పక్కనుంచి పోయేది, అందుకే వేడిలో ఆగిపోతా ఉండె.

ఇంకో ప్రశ్న కూడా అడిగినాడు, కరెంటు యాడుంది అని. మాగ్నెట్ లేదు, కాయిల్ లేదు, ప్లగ్గుకి వైర్ లేదు కదా. గ్లో ప్లగ్ లో ప్లాటినం తీగ ఉంటాది, స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం చిన్న బ్యాటరీతో దాన్ని ఎర్రగా చేస్తాం, ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేస్తాం, ఆ తర్వాత ఫ్యూయల్ లోని మిథనాల్ ప్లాటినంకి తగిలినప్పుడు జరిగే రియాక్షన్, పక్కన కంప్రెషన్ వేడి, ఈ రెండే తీగని ఎర్రగా ఉంచుతాయి. మామ దాన్ని బ్యాటరీకి తగిలించి, తీసి, మళ్ళీ తగిలించి చాలాసేపు చూసినాడు.

తర్వాత స్లీవ్ ని వెలుతురుకి పెట్టి చూపించినాడు. నిలువునా సన్న గీతలు, గోరు పెడితే తగిలేంత. "ఇది దుమ్ము తిన్నది రా" అన్నాడు. ఎయిర్ ఫిల్టర్ ఫోమ్ తీసి చూస్తే ఎండిపోయి, అతుకు కాడ విడిపోయి ఉంది. మా ఎర్రమట్టి సంగతి ఇక్కడి వాళ్ళకి చెప్పనక్కర్లేదు, కారు ఒక్క రౌండు తిరిగితే పౌడర్ లేస్తాది, ఆ సందు చాలు. అది ఒకటి. క్రాంక్ బేరింగ్ ని వేలితో తిప్పితే గరగరమంటా ఉంది, గోధుమ రంగు తుప్పు. అది మే నుంచి డిసెంబర్ దాకా లోపల ఫ్యూయల్ వదిలేసి అటక మీద పెట్టినందుకు, మిథనాల్ గాలిలోని తేమని లాగేసుకుంటాది, ఉక్కు బేరింగ్ పక్కన ఆ నీళ్ళు ఏడు నెలలు కూర్చున్నాయి. మూడోది పిస్టన్ పక్కన రాపిడి మచ్చలు, ఆ చలి పొద్దున లీన్ లో, అంటే గాలి ఎక్కువ ఫ్యూయల్ తక్కువ ఉండంగా, తిప్పినందుకు.

ఈ లీన్ అనేది కొత్తగా వచ్చినోళ్ళకి నేను ప్రతిసారీ కూర్చోబెట్టి చెప్తా, ఎందుకంటే మన బైకులో లీన్ అయితే వేడెక్కుతాది అంతవరకే చాలామందికి తెలుసు. ఇక్కడ ఆయిల్ కూడా ఫ్యూయల్ లోనే కలిసి వస్తాది, వేరే ఆయిల్ ట్యాంక్ లేదు. నీడిల్ మూస్తే మిథనాల్ తగ్గుతాది, దాంతోపాటు ఆయిల్ కూడా తగ్గుతాది, వేడి పెరిగే సమయానికే జారుడు తగ్గిపోతాది. నిమిషానికి ముప్పై వేలకి పైగా తిరిగే ఇంజనుకి అది ఎంతసేపు తట్టుకుంటాది? పాత టూ స్ట్రోక్ బండికి లీటరు పెట్రోల్ కి 20, 40 ఎంఎల్ టూటీ ఆయిల్ వేసేవాళ్ళం, ఈ ఫ్యూయల్ లో రేసు వాళ్ళది 10 శాతం అటు ఇటు, మామూలు వాళ్ళకి అమ్మేదాంట్లో ఇంకా ఎక్కువే ఉంటాది. అందులో కొంత ఆముదం. అవును మన ఆముదమే, పెట్రోలియం ఆయిల్ మిథనాల్ లో సరిగా కలవదు, ఆముదం కలుస్తాది, పైగా బాగా వేడెక్కినప్పుడు కూడా లోహాన్ని పట్టుకొని ఉంటాది. ఇంట్లో జేజి తలకి పెట్టే ఆముదం పోయొద్దు, దీంట్లో వాడేది బంక తీసేసిన రకం. పొగ వాసన మాత్రం అదే, మా జేజి ఒకసారి చేనుకి వచ్చి ఎవరు రా ఆముదం దీపం పెట్టింది అని అడిగింది.

నైట్రో పేరు వచ్చింది నైట్రోమీథేన్ వల్ల, మేం 20, 25 శాతం ఉన్నది వాడతాం. దాంట్లో ఆక్సిజన్ దానిలోనే ఉంటాది కాబట్టి కాలడానికి గాలి చాలా తక్కువ చాలు. పెట్రోల్ 1 కిలో కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాల, మిథనాల్ కి 6.4 దాకా, నైట్రోమీథేన్ కి 1.7 చాలు. అంటే అదే సిలిండర్ లో అదే గాలికి ఎంతో ఎక్కువ ఇంధనం కాల్చొచ్చు, బలం అక్కడ్నుంచి వస్తాది, 125 సీసీ ట్యాంక్ పది నిమిషాలు కూడా రాకపోయేదీ అందుకే.

రెండో ఇంజను బెంగళూరు నుంచి తెచ్చుకున్నా. అమ్మిన షాపాయన బ్రేక్ ఇన్, అంటే కొత్త ఇంజనుని మెల్లగా నడిపి అలవాటు చేసేది, ఏం అక్కర్లేదు నేరుగా తోలుకోండి అన్నాడు, ఆ మాట వినలేదు, వినకపోవడం మంచిదైంది. కొత్త ఇంజను చల్లగా ఉన్నప్పుడు పించ్ ఎంత గట్టిగా ఉంటాదంటే స్టార్టర్ తాడు లాగితే తెగుతాది, లేదా కనెక్టింగ్ రాడ్ కి దెబ్బ. అక్క హెయిర్ డ్రయర్ అడుక్కొని హెడ్ చేతికి పట్టలేనంత వేడి చేసి అప్పుడు స్టార్ట్ చేసినా, నీడిల్ బాగా రిచ్ లో, అంటే ఫ్యూయల్ ఎక్కువ వచ్చేటట్టు, పెట్టి, కానీ హెడ్ టెంపరేచర్ 90 కి తగ్గకుండా చూసుకుంటూ, రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, పిస్టన్ ని కింద పెట్టి పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ. పైన బిగువులో పిస్టన్ ని వదిలేసి చల్లారిస్తే స్లీవ్ దాని చుట్టూ ముడుచుకుంటాది, పించ్ పాడవుతాది. ఇట్ల ఐదు ట్యాంకులు, రెండు ఆదివారాలు పట్టింది.

ఇంక ట్యూనింగ్. నీడిల్ కుడికి తిప్పితే లీన్, ఎడమకి తిప్పితే రిచ్, ఒకసారికి గడియారంలో ఒక గంట అంత, అంతకి మించి తిప్పొద్దు. మా వాళ్ళకి నేను చెప్పే లెక్క టవర్ క్లాక్ చిన్న ముల్లు ఒక గంట జరిగినంత అని. ముందు ఇంజను పూర్తిగా వేడెక్కాల, చల్లని ఇంజనుని ట్యూన్ చేస్తే వేడెక్కినాక అది లీన్ లో ఉంటాది. హై స్పీడ్ నీడిల్ ని స్ట్రెయిట్ లో చూడాల, ఫుల్ థ్రాటిల్ లో వెనక సన్నగా నీలం పొగ తోక కనపడాల, సౌండ్ గొంతు పట్టినట్టు ఉంటే రిచ్, కీచుగా ఉండి పొగ లేకపోతే వెంటనే థ్రాటిల్ వదిలేయ్. లో స్పీడ్ నీడిల్ కి పించ్ టెస్ట్, ఇది పిస్టన్ పించ్ కాదు, పైపు నొక్కి చూసేది, ఐడిల్ లో ఉండగా కార్బొరేటర్ దగ్గర ఫ్యూయల్ పైపు వేళ్ళతో నొక్కితే ఆర్పీఎం కొంచెం పెరిగి రెండు మూడు సెకన్లలో ఆగాల. చాలాసేపు లాగి లాగి ఆగితే రిచ్, నొక్కంగనే ఆగితే లీన్. ఇంకోటి, స్పీడుగా వచ్చి బ్రేకు వేసినాక ఐడిల్ వెంటనే దిగకుండా పైనే వేలాడితే అది కూడా లీన్ అనే అర్థం, లేదంటే బ్యాక్ ప్లేట్ కాడో కార్బొరేటర్ మెడ కాడో గాలి లీక్, ఆ రెండోదాన్ని నీడిల్ తిప్పి సరిచేయలేం, ఎంత తిప్పినా ఈ రోజు ఒక మాదిరి రేపు ఒక మాదిరి ఉంటాది, విప్పి సీల్ చేసుకోవాల్సిందే.

టెంపరేచర్ గన్ నా దగ్గర ఉంది, గ్లో ప్లగ్ మొదట్లో పెట్టి చూస్తా, 100 నుంచి 115 సెంటీగ్రేడ్ మధ్య ఉంటే నాకు తృప్తి. కానీ ఆ డిసెంబర్ పొద్దున కూడా గన్ నంబర్ బాగానే చూపించింది, చల్లగాలి హెడ్ ని చల్లార్చేస్తా ఉంటే లోపల పిస్టన్ మాత్రం ఎండిపోతా ఉండె. చలిలో గాలి చిక్కగా ఉంటాది, ఆక్సిజన్ ఎక్కువ దూరుతాది, అదే నీడిల్ కి ఫ్యూయల్ చాలదు. మన అనంతపురంలో జనవరి పొద్దున చలికీ మధ్యాహ్నం ఎండకీ ఉన్న తేడా తెలుసు కదా, నేను పొద్దున మొదటి ట్యాంక్ కి హై నీడిల్ గడియారం లెక్కలో ఒక గంట అంత, ఒక్కోసారి రెండు గంటల అంత తెరుస్తా, తొమ్మిది దాటినాక మళ్ళీ కొంచెం మూస్తా. ఎండాకాలంలో కోల్డ్ ప్లగ్, అంటే తీగ తక్కువ వేడిలో ఉండే రకం, వేస్తా, దానికి తోడు హెడ్ కింద 0.1 మిల్లీమీటర్ షిమ్, అంటే సన్న రేకు రింగు, ఇంకొకటి పెడితే కంప్రెషన్ కొంచెం తగ్గి ప్లగ్గులు తొందరగా కాలిపోవు.

ఫిల్టర్ విషయంలో ఇప్పుడు ఎవరి మాటా వినను. మూడు ఫోములు పెట్టుకున్నా, తోలిన ప్రతి రోజూ మారుస్తా, గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో ఉతికి నీడలో ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్ లో వేసి ఫిల్టర్ ఆయిల్ పోసి పిండి పిసికినట్టు అంతా పట్టేదాకా పిసుకుతా, కార్బొరేటర్ మెడకి ట్యాగ్ వేసి బిగిస్తా. ట్రాక్ మీద రెండు డ్రమ్ముల నీళ్ళు చల్లుకుంటాం, బోరు నీళ్ళు కాబట్టి అంతకంటే వాడం. ఆషాఢం గాలి మొదలైతే తోలడమే మానేస్తాం, ఆ గాలిలో ఏ ఫోమూ ఆపలేదు.

ఆపేటప్పుడు ట్యాంక్ ఖాళీ చేసి, ఐడిల్ లోనే పైపులో మిగిలింది కాలిపోనిస్తా, ఫుల్ థ్రాటిల్ లో అట్ల చేయొద్దు, చివర్లో అంతా లీనే. మళ్ళీ ఒకటి రెండుసార్లు ప్లగ్గుకి బ్యాటరీ పెట్టి తిప్పితే అడుగున ఉన్నది కూడా పోతాది. తర్వాత ఆఫ్టర్ రన్ ఆయిల్, అంటే తుప్పు పట్టకుండా వేసే ఆయిల్, కార్బొరేటర్ లో కొన్ని చుక్కలు, ప్లగ్ హోల్ లో కొన్ని చుక్కలు వేసి తిప్పి, పిస్టన్ కింద పెట్టి, గుడ్డ చుట్టి పెట్టేస్తా. ఐదు నిమిషాల పని.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాల. మామ కి పెట్రోల్ నోటితో పైపు లాగే అలవాటు, మొదటి వారంలోనే ఈ ఫ్యూయల్ డబ్బాకి అట్ల నోరు పెట్టబోయినాడు, నేను చెయ్యి పట్టి లాగేసినా. మిథనాల్ కొంచెం లోపలికి పోయినా కళ్ళు పోతాయి, ప్రాణం పోతాది, చర్మంలోంచి కూడా దిగుతాది. పైగా ఎండలో మిథనాల్ మంట కనపడదు. డబ్బా ఇంట్లో పిల్లలకి అందని చోట, మూత గట్టిగా బిగించి, నీడలో పెట్టుకోండి. పోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, పక్కన బీడీ కాల్చేవాళ్ళని దూరంగా పంపండి.

మామ ఇప్పుడు ఆదివారాలు షెడ్డు మూసి మాతో చేనుకి వస్తాడు. పోయిన నెల గట్టు మీద కూర్చొని ఉగ్గాని తింటా అక్కడ్నుంచే "అల్లుడా, ఒక గంట తెరువు, ఎండిపోతా ఉంది" అని అరిచినాడు, నాకు ఏ తేడా వినపడలేదు, పిట్ కి పిలిచి గన్ పెడితే 124. తెరిచినా, పొగ వచ్చింది.

నోట్ బుక్ లో లెక్క చూస్తే ఈ ఇంజను ఇప్పటికి 7 లీటర్లు తాగింది. పించ్ ఇంకా ఉంది, ప్లగ్ తీసి చూస్తే తీగ బూడిదరంగులో నిగనిగలాడతా ఉంది. రాడ్ కింద బుష్ లో మాత్రం కొంచెం ఆట వచ్చినట్టు మామ చేతికి తెలిసింది, ఆయన చెప్తే ఇంక నేను నడపను. రాడ్, వెనక బేరింగ్ ఆర్డర్ పెట్టినా, వచ్చేదాకా ఆయిల్ వేసి షెడ్డులో మామ బీరువా మీద గుడ్డలో చుట్టి ఉంది.