పోలీసు పాత పిస్తోలు కొనేముందు పెదనాన్న ఏం చూడమన్నారంటే

తమ్ముడికి కిందటేడు గ్రీన్ కార్డు వచ్చింది. డల్లాస్ పక్కన ఇల్లు కొన్నాడు, కూతురికి ఐదేళ్లు, మరదలు రాత్రి డ్యూటీలు చేస్తుంది. వాళ్ల వెనక వీధిలో వరసగా రెండిళ్లలో దొంగలు పడ్డాక ఫోన్ చేసి, "అన్నయ్యా, పిస్తోలు కొందామనుకుంటున్నాం, పెదనాన్నని ఒకమాట అడగవా" అన్నాడు. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో అదెందుకని వారం రోజులు వాదించాను. మొగుడూ పెళ్లాం ఇద్దరూ నిర్ణయించేసుకున్నారని అర్థమయ్యాక, కొనేదేదో సరిగ్గా కొననీ అని విజయనగరం కంటోన్మెంట్‌లో పెదనాన్న ఇంటికి వెళ్లాను.

పెదనాన్న పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసి లెక్క చూసేవాడిగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనే, అంటే ఆయుధాల గదిలోనే గడిచాయి. .410 మస్కెట్లు, త్రీ నాట్ త్రీ రైఫిళ్లు, .38 రివాల్వర్లు, ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్టళ్లు, అన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్లినవే. సిరిమానోత్సవం బందోబస్తుకి ఎన్ని ఆయుధాలు బయటికెళ్లాయో, ఎన్ని తిరిగొచ్చాయో ఇప్పటికీ చెప్పగలరు. ఆయనకి విషయం చెప్పగానే మొదట అడిగింది, "కొత్తదా, పాతదా?"

పాతదే. అమెరికాలో పోలీసు డిపార్ట్‌మెంట్లు పిస్టళ్లు మార్చేటప్పుడు పాతవాటిని అమ్మినవాళ్లకే తిరిగి ఇచ్చి, ఆ విలువ కొత్తవాటి బిల్లులో తగ్గించుకుంటాయి, మనం పాత ఫ్రిజ్ ఇచ్చి కొత్తది తెచ్చుకున్నట్టు. అలా వచ్చినవి డీలర్ల దగ్గర చవగ్గా దొరుకుతాయి. ఇక్కడివాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. మన దగ్గర డిపార్ట్‌మెంట్ పిస్టల్ జనానికి అమ్మడమనేదే లేదు. లైసెన్సుకి కలెక్టరాఫీసు చుట్టూ తిరగాలి, అది వచ్చినా 9 ఎంఎం మామూలు మనిషికి నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత), చేతి తుపాకీ అంటే ఎక్కువగా .32 రివాల్వరో .32 పిస్టలో. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర మూడు కాదు, రెండే ఉండాలి. ఎన్నికలొస్తే చాలామంది అవి కూడా స్టేషన్లో అప్పగించాల్సి వస్తుంది. ఏ బోరు కొనాలన్న ప్రశ్న మన ఊళ్లో ఎవరికీ పెద్దగా రాదు, చట్టమే తేల్చేసింది.

మన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు కూడా. అది అక్కడి కేంద్ర చట్టం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, స్నేహితుడు చెప్పాడని కొనేయడం కాదు, లాయర్ని అడగాల్సిన సంగతి. గ్రీన్ కార్డు ఉంటే కొనొచ్చు. డీలర్ దగ్గర చేతి తుపాకీ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, 4473 అనే ఫారం నింపాలి, పేరు ఎఫ్‌బీఐ వాళ్ల తనిఖీకి వెళ్తుంది. ఆన్‌లైన్లో కొన్నా సరుకు ఇంటికి రాదు, లైసెన్సున్న డీలర్ దగ్గరికే వస్తుంది, అక్కడే ఫారం.

డల్లాస్‌లో శనివారం ఉదయం పది అంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. భోజనాలు అయ్యాక వరండాలో పెదనాన్న, నేను, నా ఫోన్. అటువైపు దుకాణంలో తమ్ముడు. చేతిలో గ్లాక్ 22 అనే పిస్టల్, .40 క్యాలిబర్ (తూటా వ్యాసం అంగుళాల్లో), ధర 320 డాలర్లు. స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) ముందు మూలల్లో నలుపంతా పోయి తెల్లగా ఇనుము కనిపిస్తోంది. తమ్ముడికి అది చూసి అనుమానం. పెదనాన్న నవ్వారు. "ఒరే బాబూ, అది కాల్చి అరిగింది కాదురా, ఒరలో పెట్టి తీసి అరిగింది. పైన గీతలు సూసి బయపడతావేటి, లోపల సూడు."

ఇది ఆయన ఇంకోలా కూడా చెప్పారు, నాకు అదే మనసులో ఉండిపోయింది. పరేడ్ గ్రౌండ్లో పాత పోలీసు జీపులు వేలం వేస్తారు కదా, రంగు వేసి బయటికి బాగానే కనిపిస్తాయి, ఇంజను చచ్చి ఉంటుంది. పోలీసు పిస్టల్ దానికి తలకిందులు. ఏళ్ల తరబడి నడుముకి వేలాడుతుంది, వానలో తడుస్తుంది, కారు తలుపుకి గీసుకుంటుంది, కాల్చేది మాత్రం ఏడాదిలో కొన్ని ప్రాక్టీసులకే. అందుకని చర్మం పాతబడి గుండె కొత్తగా ఉంటుంది. ఆయన భయమల్లా కాల్పుల వల్ల వచ్చే అరుగుదల గురించి కాదు, చెమట వల్ల వచ్చే తుప్పు గురించి. మ్యాగజైన్ (తూటాల డబ్బా) దూర్చే గూటి లోపల, గురి చూసే సైట్ల కింద, రివాల్వర్ అయితే పిడి చెక్కల వెనక, అంటే గుడ్డ తగలని చోట్ల చూడమన్నారు. అంతకుముందు వారం వేరే దుకాణంలో తమ్ముడికి ఒక పిస్టల్ చూపించారట, పిడి పలకలు ఒకసారి విప్పి చూస్తానంటే ఒప్పుకోలేదట. పెదనాన్న అది విని, "ఇప్పనీనోడి దగ్గర కొనకు" అన్నారు, అంతే.

తర్వాత బ్యారెల్. పిస్టల్ ఖాళీ చేయించి, దుకాణంవాడి చేతనే స్లైడ్ విప్పించి, బ్యారెల్ ఒక్కటే తీయించారు. వెనకవైపు తెల్ల కాగితం ముక్క పెట్టి దాని మీద లైటు పడేలా చేసి, ఫోన్ కెమెరాని ముందువైపు నుంచి ఆనించమన్నారు. గొట్టం లోపలంతా వెలుగు గిర్రున తిరుగుతూ కనిపించింది. పెదనాన్న కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశారు. మొహం మారిపోయింది. "గాళ్లు నేవురా. అరిగిపోయింది" అన్నారు. తూటా గిర్రున తిరగడానికి బ్యారెల్ లోపల మెలిగా చెక్కే గాడులనే ఆయన గాళ్లంటారు. త్రీ నాట్ త్రీ బ్యారెల్లో ఐదు గాళ్లు కోసినట్టు స్పష్టంగా ఉంటాయి, ఆయన కళ్లు వాటికి అలవాటుపడ్డాయి. దుకాణంవాడు ఓపిగ్గా వివరించాడు. గ్లాక్ బ్యారెల్లో పదునైన గాళ్లు ఉండవు, లోపల ఆరు పలకలు మెలి తిరిగినట్టుంటుంది, కొత్తదైనా ఇంత నున్నగానే కనిపిస్తుంది. పక్కనే కొత్త పిస్టల్ బ్యారెల్ తీసి చూపించాడు. రెండూ ఒకటే. పెదనాన్న మళ్లీ రెండుసార్లు చూసి, ఒప్పుకుని, ఆ పలకల సంగతి తన పాత పొడుగు నోట్‌బుక్కులో రాసుకున్నారు. డెబ్బై నాలుగేళ్ల వయసులో!

రాత్రి మెరిసే సైట్ల గురించి కూడా తమ్ముడు మురిసిపోయాడు. వాటిలో ఉండేది ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు, పన్నెండేళ్లు దాటేసరికి వెలుగు సగమైపోతుంది. పోలీసు దగ్గర పదేళ్లు ఉండి వచ్చినదాని మీద ఆ సైట్లకి వేరే డబ్బు ఇవ్వనక్కర్లేదు. స్ప్రింగులు ఎలాగూ మార్చుకోవాలి, రీకాయిల్ స్ప్రింగు, మ్యాగజైన్ స్ప్రింగులు, అదేమంత ఖర్చు కాదు.

అసలు గొడవ క్యాలిబర్ దగ్గర వచ్చింది. తమ్ముడు .40 అంటాడు. చవగ్గా ఉంది, పైగా బలమైనది. చవగ్గా ఎందుకుందో అడగరా అన్నారు పెదనాన్న.

దాని వెనక పెద్ద కథే ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీగాళ్లతో జరిగిన కాల్పుల్లో ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక ఏజెంటు కాల్చిన 9 ఎంఎం బుల్లెట్ దుండగుడి చెయ్యి దాటి ఛాతీలోకి దిగింది గానీ గుండె దాకా పోకుండా ఆగిపోయింది, వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఆ దెబ్బతో ఎఫ్‌బీఐ బుల్లెట్లని మనిషి కండలాంటి జెల్‌లో కాల్చి పరీక్షించడం మొదలుపెట్టింది, కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు అని లెక్క పెట్టుకుంది. ముందు 10 ఎంఎం తీసుకున్నారు. దాని తన్నుడు, అంటే పేలినప్పుడు చేతిని వెనక్కి తోసే దెబ్బ, చాలామంది ఏజెంట్లు తట్టుకోలేకపోయారు, తూటాలో మందు తగ్గించారు. మందు తగ్గిస్తే అంత పొడుగు కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) ఎందుకని స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కలిసి దాన్ని పొట్టిగా చేసి 1990లో .40 తెచ్చాయి. దేశమంతా పోలీసులు దాని వెంట పడ్డారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి 9 ఎంఎం బుల్లెట్లే బాగుపడ్డాయి, ఆ జెల్ పరీక్ష అవి కూడా నెగ్గుతున్నాయి. తన్నుడు తక్కువ, గురి తొందరగా కుదురుతుంది, అదే సైజు పిస్టల్లో .40 అయితే 15 పడితే 9 ఎంఎం 17 పడతాయి. 2016లో ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎం గ్లాకులకి కాంట్రాక్టు ఇచ్చింది. మిగతా డిపార్ట్‌మెంట్లూ అదే దారి పట్టాయి. అలా వదిలేసిన .40లే ఇప్పుడు దుకాణాల్లో గుట్టలుగా ఉన్నాయి. అందుకే చవక. వస్తువులో లోపం లేదు, కొనేవాళ్లు తగ్గారు.

పెదనాన్నకి ఈ అంకెలు చెబుతుంటే ఆయన తన లెక్కల్లోకి మార్చుకున్నారు. .38 రివాల్వర్ అని పేరే గాని దాని బుల్లెట్ వ్యాసం, 9 ఎంఎంది ఇంచుమించు ఒకటే. .40 బుల్లెట్ బరువు 180 గ్రెయిన్లు అని డబ్బా మీద ఉందని తమ్ముడు చదవగానే, లోపల్నుంచి పెద్దమ్మ, "పాత లెక్కలో తులం అంటే అదే కదా" అంది. నిజమే, 180 గ్రెయిన్లు ఒక తులం. 9 ఎంఎంలో మామూలుగా వాడే 124 గ్రెయిన్ల బుల్లెట్ ఎనిమిది గ్రాములు. తులం బరువు అంత వేగంతో ముందుకి వెళ్తే చేతిని ఎంత వెనక్కి తంతుందో ఊహించుకోమన్నారు పెదనాన్న.

ఊహించుకోవడం ఎందుకు, అద్దెకి ఇచ్చే రేంజ్‌కి ఇద్దరూ వెళ్లి కాల్చి చూడండి అని ఆయనే పంపించారు. మరదలిని తప్పకుండా తీసుకెళ్లమన్నారు, ఎందుకంటే తమ్ముడు ఊళ్లో లేని రాత్రి అది వాడాల్సింది ఆ అమ్మాయి. వాళ్లు ఏడు గజాల్లో రెండూ కాల్చి టార్గెట్ కాగితాలు ఫొటో తీసి పంపారు. .40తో మరదలి తూటాలు మొదటి రెండు మధ్యలో, తర్వాతవన్నీ కిందకి జారిపోయాయి. పేలకముందే మణికట్టు కిందకి నొక్కేస్తోంది, భయంతో. 9 ఎంఎంతో పదికి తొమ్మిది అరచేయంత చోట పడ్డాయి. తమ్ముడివి కూడా, తను ఒప్పుకోకపోయినా, 9 ఎంఎంవే బాగున్నాయి. ఆ కాగితాలు చూశాక ఇక వాదన లేదు.

ఇక డబ్బు లెక్క. ఆ దుకాణంలో పోలీసు నుంచే వచ్చిన గ్లాక్ 17, 9 ఎంఎం, 370 డాలర్లు. యాభై ఎక్కువ. కానీ ఆ రోజు యాభై తూటాల పెట్టె 9 ఎంఎం 14 డాలర్లు, .40 అయితే 20. తొమ్మిదో పెట్టెకి ఆ యాభై వచ్చేసినట్టే, ఇద్దరూ నెలకి చెరో పెట్టె కాలిస్తే ఐదు నెలలు. తుపాకీ ఒక్కసారి కొంటాం, తూటాలు బతికినంత కాలం కొంటూనే ఉండాలి. ఖరీదైన తూటా అయితే ప్రాక్టీసు ఎగ్గొడతారు, ప్రాక్టీసు లేని చేతిలో పిస్టల్ ఆ ఇంట్లోవాళ్లకే ప్రమాదం అని నా గట్టి నమ్మకం. ఇప్పటికే .40 ఉండి, చెయ్యి దానికి అలవాటుపడినవాళ్లు మార్చుకోవాలని మాత్రం అనను. గ్లాక్ 22లో వేరే బ్యారెల్ వేసి 9 ఎంఎం కాల్చే వీలుంది కూడా.

గ్లాక్ 17 కొన్నారు. డబ్బు కట్టకముందే, పిస్టల్ కంటే ముందు, తాళం వేసే ఉక్కు పెట్టె కొనిపించాను. నేను పట్టుబట్టింది అదొక్కటే. పాప పుట్టినరోజు నంబరు పెట్టొద్దని కూడా చెప్పాను, ఐదేళ్ల పిల్ల మొదట నొక్కే అంకెలు అవే.

పోయిన శనివారం మొదటిసారి సొంత పిస్టల్‌తో రేంజ్‌కి వెళ్లొచ్చి తమ్ముడు ఫోన్ చేశాడు. రెండు వందలు కాల్చారట, ఒక్కటీ ఇరుక్కోలేదు. పెదనాన్న ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నారు.

"కాళీ కేసులు ఎన్ని ఏరేవురా?"

"లెక్కపెట్టలేదు పెదనాన్నా."

"రేపట్నించి లెక్కెట్టు. బ్యారెల్ తుడిసేవా?"

"ఇప్పుడే తుడుస్తాను."

ఆయన నోట్‌బుక్కు తీసి, గ్లాక్ పలకల గురించి రాసుకున్న పేజీ కింద తేదీ వేసి, 200 అని రాసి, పక్కన ఖాళీల గడి అలాగే ఉంచేశారు.