ఘంటసాల సంతకం నిజమేనా? ఒక ఫొటో, మా మేనత్త ఆటోగ్రాఫ్ పుస్తకం

నిరుడు మా నాన్నగారికి 75 ఏళ్లు నిండిన రోజున ఘంటసాల వేంకటేశ్వరరావు గారి సంతకం ఉన్న ఫొటో ఒకటి ఆయనకు కానుకగా ఇచ్చాను. మా ఇంట్లో ఘంటసాల గారి గొంతు వినపడని పొద్దు లేదు కనుక అంతకంటే మంచి కానుక నాకు తోచలేదు. పాత నాణేలు, తపాలా బిళ్లలు, ఆటోగ్రాఫులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక వ్యాపారి దగ్గర దాన్ని 14,000 రూపాయలకు కొన్నాను. నలుపు తెలుపు ఫొటో, కింద కుడివైపు నల్లసిరాతో తెలుగులో 'ఘంటసాల' అన్న సంతకం, దానికి తోడు మెరిసే హోలోగ్రాం అంటించిన ఒక ధ్రువపత్రం. నాన్నగారు ఫొటోను రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, తన మంచానికి ఎదురుగా గోడకు తగిలించుకున్నారు.

మూడు వారాల తర్వాత అదే వ్యాపారి జాబితాలో మరో ఘంటసాల ఫొటో కనిపించింది. ఫొటో వేరే, సంతకం మాత్రం బాగా చూసినట్టే అనిపించింది. రెండు సంతకాలనూ ఒకే కొలతకు తెచ్చి, పల్చటి కాగితాల మీద ప్రింటు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. 'ఘ' మీద 'ఘ', సున్న మీద సున్న, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. ముందు సంతోషించాను, రెండూ ఒకేలా ఉన్నాయంటే రెండూ ఆయనవేనని అనుకున్నాను. ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద నా సంతకమే పదిసార్లు పెట్టి అలాగే పరీక్షించాను. పదింటిలో ఏ రెండూ ఒకదాని మీద ఒకటి పూర్తిగా కూర్చోలేదు. ఒకదానిలో గీత పొడుగు, ఇంకోదానిలో అక్షరాల మధ్య ఎడం ఎక్కువ, మరోదానిలో వాలు వేరు. మనిషి చెయ్యి ఒకే సంతకాన్ని రెండుసార్లు అచ్చంగా పెట్టదు. రెండు సంతకాలు అచ్చుగుద్దినట్టు కలిశాయంటే రెండింటినీ ఒకే నమూనా మీంచి దిద్దారనో, యంత్రం చేత పెట్టించారనో అనుమానించాలి.

యంత్రం అన్నది ఊహ కాదు. కలాన్ని పట్టుకుని సంతకం పెట్టే యంత్రాలు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. 2022లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ స్వయంగా సంతకం చేశాడని చెప్పి ఎక్కువ ధరకు అమ్మిన పుస్తకాల విషయంలో జరిగింది ఇదే. కొన్నవాళ్లు తమ ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాకే అసలు సంగతి బయటపడింది, ప్రచురణ సంస్థ డబ్బు వాపసు చేసింది, డిలాన్ క్షమాపణ చెప్పాడు.

వ్యాపారికి రాస్తే, ధ్రువపత్రం ఉంది కదా, ఇంకేం కావాలని జవాబు వచ్చింది. నేను కూడా కొనేటప్పుడు ఆ పత్రాన్నే నమ్మాను కనుక ఈ మాట గట్టిగా చెప్పదలిచాను. అమ్మేవాడే రాసి ఇచ్చిన ధ్రువపత్రానికి, అతని నోటిమాటకు తేడా లేదు. హోలోగ్రాం స్టిక్కర్లను ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. 1990ల చివర అమెరికాలో కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దొంగ ఆటోగ్రాఫుల ముఠాను పట్టుకున్నప్పుడు దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకం చేసినట్టున్న బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. అలాంటి సరుకు చాలావరకు పత్రాలతోనే అమ్ముడుపోయింది.

ఇక నేనే తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను. అందుకు మొదట కావలసింది అనుమానం లేని సంతకం. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు ఎన్ని ఉన్నా అవి ఎక్కడివో తెలియవు, వాటిలోనూ దొంగవి ఉండవచ్చు, పైగా తెర మీద చూసిన బొమ్మలో కలం ఒత్తిడి కనపడదు. అప్పుడు తెనాలిలో ఉన్న మా పెద్ద మేనత్త గుర్తొచ్చింది. ఆవిడకు చిన్నప్పుడు ఆటోగ్రాఫుల పిచ్చి అని నాన్నగారు అంటుండేవారు.

అత్తయ్య బీరువా అడుగు అరలోంచి, చీర ముక్కలో చుట్టి ఉన్న చిన్న పుస్తకం తీసి ఇచ్చింది. అరచేయంత పుస్తకం, గులాబీ, లేత పసుపు, లేత ఆకుపచ్చ రంగు పేజీలు. ఘంటసాల గారి సంతకం లేత పసుపు పేజీ మీద ఉంది. కింద అత్తయ్య దస్తూరిలో '1962, తెనాలి' అని రాసి ఉంది. ఆ రోజు కచేరీ అయ్యాక వేదిక వెనక ఆయన బయల్దేరబోతుంటే ఈవిడ పుస్తకం చాచిందట. ఆయన జేబులు తడుముకుంటే తన కలమే ఇచ్చిందట. రాజమండ్రి రత్నం పెన్ను, పదో తరగతి పాసైనందుకు తాతయ్య కొనిపెట్టింది. (1932లో మొదలైన ఆ రత్నం కలాల గురించి గాంధీజీ స్వయంగా 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు, మా తాతయ్య తరంలో రత్నం పెన్ను కొనివ్వడం అంటే పెద్ద సంగతి.) నా పనికి ఈ చిన్న వివరం ఎంతో విలువైనదని నాకు అప్పుడు తట్టలేదు. సంతకమూ, దాని కింద తేదీ ఒకే కలంతో, ఒకే సిరాతో, నిమిషాల తేడాతో రాసినవైతే, అరవై ఏళ్లలో రెండూ ఒకేలా వెలిసిపోయి ఉండాలి. చూస్తే నిజంగానే రెండూ ఒకేలా వెలిసిపోయి ఉన్నాయి.

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, చిన్న అతినీలలోహిత టార్చి కొనుక్కున్నాను. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే. ఒక ఆదివారమంతా ఆ రెండు సంతకాలనూ చూస్తూ కూర్చున్నాను.

అత్తయ్య పుస్తకంలోని సంతకంలో కలం కాగితాన్ని తాకకముందే కదలడం మొదలుపెట్టినట్టు మొదటి గీత సన్నగా మొదలై క్రమంగా లావెక్కింది. 'ఘ' చివరి కొమ్ము పైకి లేచినచోట కలం ఎత్తకుండానే సున్నలోకి తిరిగింది, అందుకే ఆ సున్న పూర్తిగా మూసుకోలేదు. 'ఘ' తలకట్టు అక్షరానికి అంటుకోకుండా గాలిలో తేలుతోంది. 'సా' దీర్ఘం సాగి 'ల' మీదికి వాలింది, 'ల' తోక మళ్లీ సన్నబడి మాయమైంది. అందంగా రాద్దామన్న ప్రయత్నం ఎక్కడా లేదు, తొందర ఉంది. నేను కొన్న ఫొటో మీద సంతకం దీనికంటే ముద్దుగా ఉంది. సున్న గుండ్రంగా మూసుకుంది, తలకట్టు తన చోట తాను కుదురుగా కూర్చుంది. కానీ భూతద్దం కింద గీత అంచులు చిన్నచిన్నగా వణికాయి. గీత మొదలైన చోటా ఆగిన చోటా మొద్దుగా చుక్కలు పడ్డాయి. మామూలుగా ఎవరూ కలం ఆపని చోట, దీర్ఘం మధ్యలో, రెండుసార్లు ఆగి మళ్లీ అందుకున్న జాడ ఉంది. వంపుల్లోనూ, నిలువు గీతల్లోనూ ఒత్తిడి ఒకేలా ఉంది. రాసేవాడి దృష్టి తాను వెళ్లబోయే చోట ఉంటే గీత పరిగెత్తుతుంది. దిద్దేవాడి దృష్టి కింద ఉన్న గీత మీద ఉంటుంది కనుక నత్తలా పాకుతుంది. ఆకారం ఎంత కలిసినా ఈ నడక మాత్రం కలవదు. ముసలితనం వల్లా, జబ్బు వల్లా నిజమైన సంతకం కూడా వణకవచ్చు కనుక వణుకు ఒక్కటే చూసి దొంగదనడం తప్పు. అయితే ఆ వణుకు క్రమం లేకుండా ఉంటుంది, ఇలా ఆగి ఆగి, చూసి చూసి గీసినట్టుండదు.

టార్చి వెలుగులో ఫొటో కాగితం నీలంగా ప్రకాశించింది, పుస్తకం పేజీ వెలగలేదు. కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాల వల్ల వచ్చే వెలుగు అది. 1950ల నుంచే అవి వాడుకలోకి వచ్చాయి కనుక 1960ల ఫొటో కాగితం కూడా వెలగవచ్చు. దీన్ని నేను సాక్ష్యంగా లెక్కించలేదు. కానీ భూతద్దాన్ని సంతకం మీంచి జరిపి ఘంటసాల గారి చొక్కా కాలరు మీద పెట్టినప్పుడు నా గుండె జారింది. బూడిద రంగుగా కనిపించిన చోట నీలం, ఎరుపు, పసుపు చుక్కలు చిలకరించినట్టు ఉన్నాయి. వెండి లవణాలతో డార్క్‌రూంలో కడిగిన పాత ఫొటోలో రంగు చుక్కలు ఉండవు. ఇది ఇంక్‌జెట్ ప్రింటర్ తీసిన బొమ్మ. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఇళ్లలోకి ఇంక్‌జెట్ ప్రింటర్లు వచ్చింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. ఆయన లేని కాలంలో పుట్టిన కాగితం మీద ఆయన సంతకం ఎలా పెడతారు?

అయినా నా మాట ఒక్కటే చాలదు, డబ్బు వాపసు అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నా, అక్కడ ప్రధానంగా న్యాయస్థానాలూ దర్యాప్తు సంస్థలూ పంపిన పత్రాలనే పరీక్షిస్తారు. అందుకని ప్రభుత్వ సర్వీసులో పనిచేసి రిటైరై, ప్రైవేటుగా దస్తూరి పరీక్షలు చేసే ఒక నిపుణుణ్ణి కలిశాను. ఆయన మొదట ఫొటో వైపు చూడనే లేదు. నమూనా సంతకాలు ఎన్ని తెచ్చావు, అసలువా, జిరాక్సులా, ఏ ఏళ్లవి అని అడిగారు. అదే కాలానికి చెందినవి, ఎవరి ద్వారా వచ్చాయో చెప్పగలిగినవి పది దాకా ఉంటే మంచిదన్నారు. నాన్నగారి స్నేహితుడి ఇంట్లోంచి ఒక ఉత్తరం, సంతకాలున్న రెండు కచేరీ కరపత్రాలు, ఇంకొకరి దగ్గర మరో ఆటోగ్రాఫ్, అత్తయ్య పుస్తకంతో కలిపి అయిదే తేగలిగాను. దీనికి నెలన్నర పట్టింది. మొత్తం ప్రక్రియలో కష్టమైన భాగం ఇదే. పరీక్షకు పట్టింది రెండు వారాలు, ఖర్చు 9,000 రూపాయలు.

నివేదికలో ఆయన వాడిన భాష నాకు నచ్చింది. దస్తూరి గురించి మాత్రం, నమూనాలు అయిదే కనుక, 'నమూనాలు రాసిన వ్యక్తి రాసినది కాదనడానికి బలమైన ఆధారాలు ఉన్నాయి' అని ఆగారు. వస్తువు గురించి మాత్రం నిక్కచ్చిగా రాశారు: బొమ్మ ఇంక్‌జెట్ ముద్రణ, సిరా జెల్ పెన్నుది. జెల్ సిరాను జపాన్‌కు చెందిన సకురా సంస్థ 1984లో మార్కెట్లోకి తెచ్చింది. దస్తూరి నిపుణుడు చెప్పేది తీర్పు కాదు, అభిప్రాయం; ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 39వ సెక్షనూ, అంతకుముందు పాత చట్టంలో 45వ సెక్షనూ దాన్ని అభిప్రాయంగానే స్వీకరిస్తాయి. అందుకే దస్తూరిని ఒక్కదాన్నే పట్టుకోకుండా కాగితాన్నీ సిరానూ కూడా చూపించడం మంచిదని నా అనుభవం.

నివేదిక ప్రతినీ, వినియోగదారుల కమిషన్‌లో వేయబోయే ఫిర్యాదు ముసాయిదానూ జతచేసి వ్యాపారికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు కట్టనక్కరలేదు, రెండేళ్ల లోపల వేస్తే చాలు. పదకొండో రోజున 14,000 రూపాయలు నా ఖాతాలో పడ్డాయి. పరీక్ష ఖర్చు రాలేదు.

నాన్నగారికి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చివరకు ఫొటోను గోడ మీంచి దింపి, భూతద్దం ఆయన చేతికిచ్చి, కాలరు మీద పెట్టి చూడమన్నాను. చాలాసేపు చూశారు. "ఈ నీలం చుక్కలేనా?" అని అడిగారు. అవునన్నాను. భూతద్దాన్ని అలాగే పట్టుకుని అత్తయ్య పుస్తకం తెమ్మన్నారు. ఆ సాయంత్రం దొంగ సంతకం గురించి కాక, 'ఘ' కొమ్ములోంచి సున్నలోకి తిరిగిన గీత గురించే మాట్లాడుకున్నాం.

ఇంకొక సంగతి మిగిలింది. పుస్తకాన్ని పరీక్షకు ఇచ్చినప్పుడు నిపుణుడు నేను అడగకపోయినా మరో పేజీ తెరిచి చూపించారు. ఆనాటి ఒక అగ్రనటుడి సంతకం అది. అత్తయ్య మద్రాసుకు పుస్తకాన్ని పోస్టులో పంపితే సంతకంతో తిరిగొచ్చిందట. గీతలో వణుకు లేదు, తొట్రుపాటు లేదు, చక్కగా పరిగెత్తింది. కానీ ఆ నటుడి నమూనాల్లో కనిపించే అలవాట్లు ఒక్కటీ దానిలో లేవన్నారు. అభిమానుల ఉత్తరాలు బస్తాలకొద్దీ వచ్చే రోజుల్లో కార్యదర్శులో, ఇంటివాళ్లో సంతకాలు పెట్టి పంపడం మామూలేనట. లండన్‌లో బీటిల్స్ పాటల బృందం తరఫున వాళ్ల వెంట తిరిగే సహాయకులు నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్ ఎన్నో సంతకాలు పెట్టారన్నది సేకరించేవాళ్లందరికీ తెలిసిన విషయం. మోసగించాలని పెట్టినవి కావు కనుక వీటిలో భయం కనపడదు, అందుకే వీటిని పట్టుకోవడం మరింత కష్టం.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఈ మాట ఎలా చెప్పాలో తెలియక తెనాలి బస్సులో దారంతా మథనపడ్డాను. అత్తయ్య విని, పుస్తకం చివరి అట్ట లోపలి సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన ఒక కవరు తీసింది. అరవై ఏళ్ల కిందటి మద్రాసు ముద్ర, దాని మీద నీలిసిరాతో తెనాలి చిరునామా.

"ఈ కవరు మీద మన ఇంటిపేరు చూడరా, సంతకం చూడు. రెంటిలోనూ 'రా' ఒకటే కదూ. అది వచ్చిన రోజే చూశాన్నేను," అంది.

"మరి ఎవరికీ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎవరో కూర్చుని, నా పేరు తప్పుల్లేకుండా రాసి, పుస్తకం భద్రంగా తిప్పి పంపించారుగా."

కవరును, ఆ పేజీని పక్కపక్కన పెట్టి భూతద్దం కింద చూశాను. 'రా' దీర్ఘం రెండు చోట్లా ఒకేలా కిందికి వంగి, చివర చిన్న కొక్కెంలా తిరిగింది. ఆ పేజీ అడుగున అత్తయ్య పెన్సిలుతో 'పోస్టులో వచ్చినది' అని రాసి, కవరును దాని పక్కనే పెట్టి, పుస్తకాన్ని మళ్లీ చీర ముక్కలో చుట్టింది.