ట్రిమ్మర్ చేతి బ్యాగులో, డ్రయ్యర్ ఇంట్లో

జులై నెలాఖరు వచ్చేసరికి మా చుట్టాల్లో ఎవరో ఒకరి ఇంట్లో సూట్‌కేసులు హాల్లోకి వచ్చేస్తాయి. అమెరికాలో సీటు, లోను, వీసా, టికెట్టు అన్నీ అయిపోయాక ఇక మిగిలేది సర్దుడు. పచ్చళ్లు కారకుండా ఎలా కట్టాలో గుంటూరులో ఏ అమ్మకీ ఒకరు చెప్పక్కర్లేదు, కందిపొడి, నల్లకారం, గోంగూర అన్నీ ఎవరి పద్ధతిలో వాళ్లు చకచకా కట్టేస్తారు. ట్రిమ్మర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పని ఆగిపోతుంది. "బ్లేడు ఉంటుంది కదరా, చేతి బ్యాగులో పెడితే లాక్కుంటారేమో" అని నాన్న, "బ్యాటరీ ఉంటుంది కదా నాన్నా, పెద్ద బ్యాగులో పెడితే ఒప్పుకోరేమో" అని అబ్బాయి, కాసేపు వాళ్లలో వాళ్లు వాదించుకుని చివరికి నాకు ఫోన్. నాకే ఎందుకంటే, ఒకప్పుడు విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో పనిచేశాను కాబట్టి ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువుకీ నేనే జవాబు చెప్పాలని మా వాళ్ల లెక్క. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాస్తున్నా.

ముందు ట్రిమ్మర్, షేవర్ సంగతి. రెండూ చేతి బ్యాగులోకే. వాటి బ్లేడు గార్డు వెనకాల ఉంటుంది, దాన్ని కత్తి కింద ఎవరూ లెక్కేయరు, సెక్యూరిటీలో అభ్యంతరం పెట్టరు. అభ్యంతరమల్లా పాతకాలపు సేఫ్టీ రేజర్‌లో వేసుకునే విడి బ్లేడ్లతోనే. మీసం కత్తిరించుకునే చిన్న కత్తెరని కూడా వాటితో కలిపి ఒక డబ్బాలో పెట్టి చెక్-ఇన్ బ్యాగులో వేసేయండి, గొడవ ఉండదు.

స్విచ్ పూర్తిగా ఆపి, పొరపాటున ఆన్ అవకుండా చూసుకుంటే ట్రిమ్మర్‌ని చెక్-ఇన్‌లో పెట్టినా నిబంధనలు ఒప్పుకుంటాయి. అయినా నేను చేతి బ్యాగే అంటాను, దానికి కారణం ఉంది. లిథియం బ్యాటరీ లోపల ఎక్కడైనా షార్ట్ అయితే అది దానంతటదే వేడెక్కుతూ పోతుంది, ఆ వేడికి పక్కనున్న బ్యాటరీ సెల్లూ అంటుకుంటుంది. విమానం అడుగున సామాన్లు పెట్టే చోట మంటలు ఆర్పడానికి హాలాన్ అనే వాయువు ఉంటుంది, మామూలు మంటని అది అణచేస్తుంది కానీ బ్యాటరీ లోపల మొదలైన రియాక్షన్‌ని ఆపలేదు. పైన మనం కూర్చునే చోటైతే పొగ రాగానే ఎవరో ఒకరు చూస్తారు, సిబ్బంది వచ్చి నీళ్లు పోసి చల్లారుస్తారు. 2025 అక్టోబరులో ఢిల్లీ నుంచి దిమాపూర్ బయల్దేరుతున్న విమానం ఇంకా నేల మీద ఉండగానే ఒక ప్రయాణికుడి పవర్ బ్యాంక్ సీటు వెనక జేబులో అంటుకుంది, సిబ్బంది వెంటనే ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. అదే అడుగున ఏ సూట్‌కేసు మధ్యలోనో అయ్యుంటే ఎవరు చూస్తారు, ఎవరు ఆర్పుతారు? పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో అస్సలు పెట్టకూడదని అంటున్నది ఇందుకే, మనల్ని సతాయించడానికి కాదు.

ఎంత బ్యాటరీ దాకా ఫర్వాలేదు అన్నదానికి లెక్క సులువే. వోల్టుల్ని ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే శక్తి, వస్తాయి. 100 వాట్-అవర్ల దాకా ఎవర్నీ అడగక్కర్లేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల సామానులో తీసుకెళ్లనివ్వరు. 3.7 వోల్టులు, 800 ఎంఏహెచ్ ఉన్న ట్రిమ్మర్ మూడు వాట్-అవర్లు కూడా ఉండదు. మీ 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకే 74. కాబట్టి ట్రిమ్మర్ బ్యాటరీ గురించి టెన్షన్ పడే ఓపిక ఏమైనా ఉంటే దాన్ని ఆ పవర్ బ్యాంక్ మీద పెట్టండి, దాని మీద అచ్చయిన అంకెలు అరిగిపోయి కనపడకపోతే ఆపేసే అవకాశం ఉంది.

ఇక స్విచ్ విషయం. మా పిన్ని కొడుకు చెక్-ఇన్ అంతా అయిపోయి కాఫీ తాగుతుంటే పేరు పెట్టి పిలిచారు, వెళ్లి చూస్తే వాడి సూట్‌కేసు ఒక పక్కన పెట్టి ఉంది, లోపల తేనెటీగలు ఉన్నట్టు జుమ్మంటోంది. ఆఫీసర్ ముందు తెరవమన్నారు. పైన ఆవకాయ పొట్లం, దాని కింద ప్రెషర్ కుక్కర్, కుక్కర్ లోపల జాగా వేస్ట్ అవకూడదని మా పిన్ని కుక్కిన తువ్వాలు, ఆ తువ్వాల్లో ట్రిమ్మర్, ఎవరో బ్యాగు విసిరినప్పుడు స్లయిడ్ స్విచ్ పైకి జరిగి అప్పట్నుంచీ తిరుగుతూనే ఉంది. నవ్వి వదిలేశారు కానీ, మళ్లీ అన్నీ సర్దేసరికి ఆ పిల్లాడికి చెమటలు పట్టాయి, ఆవకాయ పొట్లానికి వేసిన టేపులన్నీ విప్పాల్సొచ్చింది. నొక్కే బటన్ ఉన్న చాలా ఫిలిప్స్ షేవర్లకి ట్రావెల్ లాక్ ఉంటుంది, బటన్‌ని మూడు సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే పడుతుంది, మళ్లీ అలాగే నొక్కితే తీసేయొచ్చు. జరిపే స్విచ్ ఉన్నవాటికి అలాంటిదేం ఉండదు, స్విచ్ కింద చిన్న అట్టముక్క అడ్డం పెట్టి పైన టేపు వేయండి. టేపు జిగురు తర్వాత నెయిల్ పాలిష్ రిమూవర్‌తో పోతుందని ఒకాయన చెప్పారు, ప్లాస్టిక్ కూడా పోతుంది, అది మాత్రం చేయకండి. కొబ్బరినూనె చాలు.

గన్నవరంలో ఎక్కేవాళ్లకి ఒక మాట. ఒకే టికెట్టు మీద ఢిల్లీ మీదుగానో ముంబయి మీదుగానో వెళ్తూ బ్యాగు గన్నవరంలోనే చివరిదాకా వేసేస్తే, సాధారణంగా అది మళ్లీ మీ కంటపడేది అమెరికాలో దిగాకే. మధ్యలో "అయ్యో పవర్ బ్యాంక్ అందులో ఉండిపోయిందే" అని గుర్తొస్తే మనంతట మనం తీసుకోవడం కుదిరే పని కాదు. ఏది ఏ బ్యాగులోకో ఇంట్లోనే తేల్చుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కడ పెట్టాలన్నది. అసలు తీసుకెళ్లాలా అన్నది వేరే ప్రశ్న, దాన్ని చాలామంది అడగనే అడగరు. అక్కడే డబ్బులు పోయేది.

మన దగ్గర కరెంటు 230 వోల్టులు. అమెరికా, కెనడాల్లో 120. జపాన్‌లో 100. ట్రిమ్మర్ అడాప్టర్ వెనకాల ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ అని ఉంటుంది, దాని పక్కన 100-240 వోల్ట్స్, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, పిన్ను మార్చుకుంటే చాలు. ఒట్టి 230 అనో 220-240 అనో ఉంటే అమెరికాకి అది దండగ. యూఎస్‌బీతో ఛార్జయ్యేదైతే ఈ గోలే లేదు, ఫోన్ ఛార్జర్ ఉంటే అయిపోయింది.

హెయిర్ డ్రయ్యర్, స్ట్రెయిట్‌నర్ అలా కాదు. అవి వేడి పుట్టించేవి, వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి, అంటే వోల్టేజిని దాంతోనే గుణిస్తే వచ్చే అంకెని బట్టి మారుతుంది. బీసెంట్ రోడ్డులో కొన్న 1,000 వాట్ల డ్రయ్యర్‌ని అమెరికాలో పెడితే వచ్చేది 270 వాట్లు, అంటే తల ఆరే లోపు క్లాసు అయిపోతుంది. పాడవదు, పనీ చేయదు. తిరగేస్తే మాత్రం ప్రమాదం. మా పెదనాన్నగారి అమ్మాయి ఒక సంక్రాంతికి డాలస్ నుంచి వస్తూ తన డ్రయ్యర్ తెచ్చుకుంది. అక్కడి డ్రయ్యర్లలో చాలావాటి మీద 1,875 వాట్లని ఉంటుంది, 15 ఆంపియర్లని 125 వోల్టులతో గుణిస్తే వచ్చే అంకె అది, అంటే అక్కడి మామూలు సాకెట్‌ నుంచి లాగగలిగినంతా లాగేస్తారన్నమాట. దాన్నే ఇక్కడ 230లో పెడితే లెక్క ప్రకారం 6,300 వాట్ల పైనే లాగాలని చూస్తుంది, మూడు గీజర్ల లోడు. బ్రాడీపేటలో ఆ పొద్దున ఒక్క టప్ మన్న శబ్దం, కాలిన వాసన, ఇల్లంతా చీకటి, తడి జుట్టుతో అమ్మాయి, "అడాప్టర్ పెట్టాను కదా పెద్దన్నయ్యా" అని నాకు ఫోన్. అలాంటి ప్లగ్గు అడాప్టర్ పిన్ను ఆకారాన్ని మారుస్తుందే గాని వోల్టేజిని మార్చదు. మార్చేది ట్రాన్స్‌ఫార్మర్, డ్రయ్యర్‌కి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ అంటే కిలోల బరువు.

డ్యుయల్ వోల్టేజ్ డ్రయ్యర్లు ఉన్నాయి, పిడి మీద చిన్న గాడి ఉండి రూపాయి బిళ్లతో 125కీ 250కీ మధ్య తిప్పుకోవచ్చు. తిప్పడం గుర్తున్నంతకాలం బాగుంటాయి. నన్నడిగితే అమెరికా వెళ్లే పిల్లలు డ్రయ్యర్ మోయకండి, అక్కడ పాతిక డాలర్ల లోపే దొరుకుతుంది, మిగిలిన ఆ అరకిలోలో అమ్మ ఇంకో కందిపొడి ప్యాకెట్ పెడుతుంది.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి కథ వేరు. దుబాయ్, షార్జా, కువైట్, అలాగే సింగపూర్, లండన్, అన్నీ మన వోల్టేజి దరిదాపుల్లోనే ఉంటాయి, తేడా అల్లా ఆ మూడు చదరపు పిన్నుల ప్లగ్గే. మన డ్రయ్యర్ నిక్షేపంగా పనిచేస్తుంది, కాకపోతే ఫుట్‌పాత్ మీద కొన్న అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో చూసుకోండి, 1,000 వాట్లకి నాలుగున్నర ఆంపియర్లు కావాలి, కొన్నిటికి అంత శక్తి ఉండదు, కరిగిపోతాయి. ఇంకోటి, మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు చాలా యూనివర్సల్ అడాప్టర్లలో దూరనే దూరదు. కొనేటప్పుడు ప్లగ్గు జేబులో వేసుకెళ్లి గుచ్చి చూడండి, షాపువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. సెలూన్ పనికి సౌదీ వెళ్లేవాళ్లు వైరున్న క్లిప్పర్ పట్టుకెళ్తుంటారు, అక్కడ 230 వోల్టులే అయినా 60 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మనది 50. అయస్కాంతంతో కొట్టుకునే రకం క్లిప్పర్లు ఆ తేడాకి గడగడలాడొచ్చు, పక్కన చిన్న స్క్రూ ఉంటే దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ శబ్దం తగ్గేదాకా సర్దుకోవచ్చు.

లండన్ హోటల్ బాత్రూముల్లో గోడకి "షేవర్స్ ఓన్లీ" అని రాసిన రెండు కన్నాల సాకెట్ కనపడుతుంది. దాని వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ట్రిమ్మర్, ఎలక్ట్రిక్ బ్రష్‌ లాంటివాటికి తప్ప దేనికీ చాలదు. అందులో డ్రయ్యర్ పెట్టే ప్రయత్నం చేయకండి.

వైరు లేని స్ట్రెయిట్‌నర్లు ఈమధ్య పెళ్లికూతుళ్ల మేకప్ కిట్లలో బాగా కనపడుతున్నాయి, వాటితో మాత్రం జాగ్రత్త. బ్యాటరీ ఉంది, వేడీ ఉంది, రెండూ ఒకే వస్తువులో అంటే విమానాల వాళ్లకి నచ్చదు. బ్యాటరీ ఊడి వచ్చే రకమైతే ఊడదీసి, దాని కొనలకి టేపు వేసి చేతి బ్యాగులో పెట్టుకోండి, ఊడిరానిదైతే కొన్ని సంస్థలు ససేమిరా అంటాయి, ముందే వాళ్ల సైటులో చూసుకోవాలి. గ్యాస్‌తో వేడెక్కే కర్లర్లకి మనిషికి ఒకటే, వేడెక్కే భాగం మీద మూత గట్టిగా ఉండాలి, రీఫిల్ గ్యాస్ ఎందులోనూ కుదరదు. వైరున్న మామూలు స్ట్రెయిట్‌నర్‌కి ఈ బాధలేం లేవు, ఏ బ్యాగులోనైనా పడేయండి, కానీ బయల్దేరే పొద్దున వాడి వేడివేడిగా సిల్కు బట్టల మధ్య తోయకండి.

ట్రిమ్మర్ సర్దే ముందు తల విప్పి పళ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు పాత టూత్‌బ్రష్‌తో దులపండి, కడిగేదైతే కడిగి రాత్రంతా ఆరనివ్వండి, తడిగా మూత పెడితే దిగేసరికి వాసన. దాంతో వచ్చే చిన్న నూనె సీసా ఎలాగూ 100 మిల్లీలీటర్ల లోపే, మిగతా ద్రవాలతో కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన కవర్‌లో వేస్తే చేతి బ్యాగులో వెళ్తుంది. షేవింగ్ ఫోమ్ డబ్బా అంతకంటే పెద్దది కాబట్టి చెక్-ఇన్‌లోకి.

కొత్తది కొని తీసుకెళ్దాం అనుకునేవాళ్లు ప్రయాణం ముందురోజు సాయంత్రం కాకుండా రెండు వారాల ముందే కొనండి. "ఎక్కడైనా పనిచేస్తుంది సార్" అని షాపులో అందరూ అంటారు, నేనూ అన్నవాడినే, అట్టపెట్టె విప్పించి అడాప్టర్ మీద అంకెలు చూశాకే డబ్బులివ్వండి. వారంటీ చాలావాటికి మన దేశంలోనే చెల్లుతుంది, కాబట్టి పది రోజులు ఇక్కడే వాడి చూసి, ఏదైనా తేడా ఉంటే ఇక్కడే మార్పించుకుని వెళ్లండి.